పిల్లి మింగిన మాత్రలు

వేలంపాటగాడు గురువులు గొంతు విప్పాడంటే ఫిషింగ్ హార్బర్‌లో కాకులు కూడా నోరు మూసుకునేవి. అతను చేపలగుట్టకి వేలంపాట పాడితే పడవవాడూ, వ్యాపారీ ఇద్దరూ నవ్వుతూ ఇంటికి పోవాల్సిందే. అలాంటి మనిషికి ఆ వేసవిలో తల వేడెక్కింది. కంటి మీద కునుకు లేదు, నోటికి తాళం లేదు. ఒక తెల్లవారుజామున చేపలన్నీ అమ్మేసి, అది చాలక, గేటు దగ్గరున్న పోలీసు జీపుకి పాట పెట్టేశాడు! ఐసు వ్యాపారి ఖాజా ఊరుకోక ఒక రేటన్నాడు. "మూడోసారి!" అని కొట్టేశాడు గురువులు. ఖాజా వెళ్లి జీపులో కూర్చున్నాడు. హార్బర్‌లో మూడోసారి అన్నాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట తిరగదు మరి.

పోలీసులు కేసు పెట్టారు. కోర్టులో మేజిస్ట్రేటు నవ్వాపుకోలేక దగ్గాడు. జైలు వద్దన్నాడు గానీ మెలిక పెట్టాడు. ఇంట్లోనే ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. కానీ ప్రతి సోమవారం పిచ్చాసుపత్రికెళ్లి డాక్టరుకి కనబడాలి, మాత్రలు మింగాలి. తప్పాడా, వార్డులో పెట్టి తాళమే. పెళ్లాం అసిరమ్మ పూచీ.

మాత్రలతో నిద్ర పట్టిన మాట నిజమే. కానీ పొద్దున్నే నాలుక మొద్దుబారి మాట ముద్దగా సాగేది. మాట సాగదీసేవాణ్ణి వేలానికి ఎవడు పిలుస్తాడు? గురువులుకి బెంగ పట్టుకుంది. అందుకని రోజూ అసిరమ్మ ఎదుటే మాత్రలు నోట్లో వేసుకుని, "మింగీసేను సూడే" అని నోరు తెరిచి చూపించేవాడు. ఆనక నాలుక కింద దాచినవి చేప తలలో కుక్కి పిల్లికి పడేసేవాడు. ఎంత తెలివో!

సోమవారం డాక్టరు రమణమూర్తి అడిగాడు, "మాత్రలు పనిచేస్తున్నాయా?"

"బాగా పన్జేత్తన్నాయి బాబూ" అంది అసిరమ్మ చల్లగా. "మా పిల్లికి శానా నయిం. ఎలక ముక్కు మీంచి పోయినా కన్నిప్పట్లేదు. మా మావకే ఇంకా తగ్గలేదు."

గురువులు చివ్వున లేచాడు. డాక్టరు కోర్టుకి ఒక్క ముక్క రాస్తే చాలు, వార్డే. "ఓసి నీ దుంప తెగ! మొగుణ్ణి పట్టిచ్చీసేవే!"

"మళ్లీ జీపులమ్ముతావేటి? నిన్ను తాళమేసి ఎట్టీస్తే నానేటైపోవాల?" అసిరమ్మకి ఏడుపొచ్చేసింది.

డాక్టరు గద్దించలేదు. "ఎందుకు మింగట్లేదయ్యా?" అన్నాడు. ఇన్నాళ్లకి ఒకడు ఆ మాటడిగాడని గురువులుకి ప్రాణం లేచొచ్చింది.

"నాలిక తిరగట్లేదు బాబూ. నాలిక తిరక్కపోతే నాను బతికున్నా సచ్చినట్టే."

"రెండు మానేసి ఒకటిన్నర వేసుకో."

గురువులు కళ్లు మెరిశాయి. "అర!"

"అరకి ఈగ కూడా నిద్రపోదు. ఒకటి."

"ముప్పావు!"

"ఒకటి. పొద్దుగూకకముందే వేసుకో, తెల్లారేసరికి మత్తు దిగుతుంది. ఇంతకన్నా తగ్గను."

గురువులు మళ్లీ నోరు తెరిచాడు. అంతే, అసిరమ్మ బల్ల మీద ఫెడీమని చరిచింది. "ఒకటి మాత్రా... ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!"

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "కొట్టీసింది బాబూ" అన్నాడు గురువులు నీరసంగా. "ఇంకేటంటాను?"

ఆ సాయంత్రం మాత్ర నిజంగానే గొంతు దిగింది. పిల్లి వచ్చి కంచం పక్కన ఆశగా కూర్చుంది. "పోయే, నీ పాటైపోనాది" అని తోలేశాడు.

తెల్లారాక చేపలగుట్ట ముందు నిలబడ్డాడు. దేవుణ్ణి తలుచుకుని గొంతు విప్పాడు. కాకులు నోరు మూసుకున్నాయి. జనంలో అసిరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. గేటు దగ్గర పోలీసులు మాత్రం ఎందుకైనా మంచిదని జీపుని అవతలికి తోసుకున్నారు.