హార్న్‌వ్యాలీలో నాయన మంద

నేను పెనుకొండలో రైలెక్కేసరికి, హిందూపురంలో ఎక్కిన రవితేజ నాకు సీటు ఆపి, ఫోనులో ఏదో ఆట ఆడుతూ ఉంటాడు. ఇద్దరిదీ ధర్మవరంలో ఒకే ఆఫీసు. మొన్న మంచి ఆట ఏదైనా చెప్పమన్నాడు. హార్న్‌వ్యాలీ అన్నాను. ఫోనులో వెతికి మొహం చిట్లించాడు.

"ఇదేందక్కా, పదమూడేండ్ల పాత ఆట. ఆడినోళ్లే లేరు. డ్రాగన్ కాడికి పోయేకే వారం పడతాదంట."

"మా నాయన నాలుగు నెలలు ఆడినాడబ్బా. డ్రాగన్ మొహమే చూడల్యా."

మా నాయన నరసప్ప సోమందేపల్లి దగ్గర గొర్రెలు మేపేవాడు. ఆయన కాలు విరిగాక మందను సంతకు తోలుకుపోయి అమ్మింది నేనే. ఆ రోజు నుంచి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు, తిండి సయించదు. మనిషి దక్కడేమోనని భయం పట్టుకుంది నాకు. అప్పట్లో డిగ్రీ చదువుతూ, హిందూపురంలో కొన్న పాత కంప్యూటరులో ఈ ఆట ఆడుకునేదాన్ని. కత్తి పట్టుకుని ఆ లోకంలో ఎటైనా తిరగొచ్చు. ఒకరోజు తెర మీద కొండవాలున గొర్రెలు కనబడ్డాయి.

"కాపరి యాడమ్మా?" వెనక నుంచి నాయన గొంతు.

"ఎవరూ లేరు నాయనా."

"కాపరి లేకుండా గొర్రెలుంటాయా? ఇట్లియ్యి."

ఆటలో కత్తి పారేసి కర్ర పట్టాడు. పద్దెనిమిది గొర్రెలకూ మేము అమ్మేసిన వాటి పేర్లే పెట్టాడు. పగలంతా మేపి, పొద్దుగూకితే ఎవరో ఒక రైతు బీడులో మంద పెట్టేవాడు. మా దగ్గర అంతే, మంద పడుకున్న చేనికి ఎరువుకు కొదవుండదు. రోజుకొక చేను మార్చేవాడు. ఆటలో ఎరువేంది నాయనా అని నవ్వేదాన్ని. ఆయన మాత్రం అడిగి మరీ అన్నం పెట్టించుకుంటున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఊరికే ఉంటే నేనెందుకవుతాను. కాలు చూపించుకోవడానికి ఆయన పుట్టపర్తి పోయిన రోజు, ఆట ముందుకు పోవడం లేదని నాకు ఒళ్లు మండింది. కనుమలో డ్రాగన్‌కు మందను ఇస్తేనే దారి వదులుతుంది. ఇచ్చేశాను. నాయనకు మేలు చేశాననుకున్నాను. చదువుకున్నదాని తెలివి అట్లా ఏడ్చింది.

ఆయన వచ్చి కొండంతా వెతికాడు. పేరుపేరునా పిలిచాడు. అప్పుడు తెలిసింది నాకు, ఒకే మందను రెండుసార్లు అమ్మానని. తలుపు పట్టుకుని ఏడ్చాను. మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటాడనుకున్నాను.

"ఈడికి రామ్మా" అన్నాడు.

తెర మీద, ఆయన మంద పెట్టిన చేలన్నీ పచ్చగా మొలిచి ఉన్నాయి. మిగతా బీళ్లు ఎట్లున్నవి అట్లే ఉన్నాయి. ఈ సంగతి ఆట గురించి రాసినవాళ్లు ఎవరూ ఎక్కడా రాయలేదు.

"గొర్రెలు పోయినా ఎరువు ఉండాది. ఏడవాక."

మర్నాడు కర్ర ఊతంగా వీధిలోకి నడిచాడు. ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు.

మొన్న ఈ సంగతంతా విన్న రవితేజను నిన్న రైల్లో అడిగాను, డ్రాగన్ దాకా పోయావా అని.

"ల్యాదక్కా, గొర్రెల కాడే ఆగినా. మీ నాయన మందలో ముందు పోయే పొట్టేలు పేరేంది?"

నల్లోడు. సంతలో కొన్నవాళ్లు తాడు పట్టి లాగుతుంటే నా వైపే చూసింది అదే. ఆ పేరు ధర్మవరంలో దిగాక చెప్పాను.