ఊదకుండా ఉన్న మొహం

కాజాలక్క అనే పేరు ఆవిడకి దర్జీ కొట్టువాళ్లు పెట్టింది. నలభై ఏళ్లుగా చొక్కాలకి కాజాలు కుట్టడమే ఆవిడ పని. ఇప్పటిదాకా కుట్టినవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే చంద్రమండలం దాకా వెళ్లి, అక్కడెవడైనా చొక్కా విప్పుకుని కూర్చుంటే వాడికీ నాలుగు కుట్టిచ్చి తిరిగి రావచ్చని కొట్టు యజమాని అంటుంటాడు. ఆయన మాటల్లో సగం తీసేసినా చాలా దూరమే.

అలాంటి మనిషి పది రోజులుగా సూది ముట్టలేదు. పొద్దున్నే పెద్దాసుపత్రి గోడ దగ్గరికి పోయి, పీట వేసుకుని కూర్చుంటోంది. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల మొహాలు ఆ గోడమీద వేయిస్తున్నారు. అందరూ ముప్పై ఏళ్ల కిందట, మందులు రాకముందే పోయినవాళ్లు. ఇళ్లలోంచి ఫొటోలు వచ్చాయి. అక్క తమ్ముడిది మాత్రం సరైనది ఒక్కటీ లేదు.

తమ్ముడు బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. వాడు ఊదితే మూడు వీధుల అవతల పావురాలు గుడ్లమీంచి ఎగిరిపోయి, తిరిగొచ్చాక ఎవరి గుడ్లు ఎవరివో తేలక కొట్టుకునేవట. జబ్బు సంగతి బయటపడ్డాక ఆ మూడు వీధులవాళ్లే వాడి గుమ్మం ముందు నడవడం మానేశారు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు దూరం నుంచి విసిరేసి పోయేవాడు. అక్క ఒక్కతే దగ్గర కూర్చుని తినిపించింది. వాడు పోయిన మర్నాడు ఇరుగుపొరుగు వచ్చి మంచం, బట్టలు, ఫొటోల ఆల్బం అన్నీ కుప్పపోసి తగలబెట్టారు. మిగిలిందల్లా బ్యాండు మాస్టారి ఇంట్లో వేలాడుతున్న ఒకే ఒక్క ఫొటో. అందులో తమ్ముడు ఊదుతున్నాడు. బుగ్గలు రెండూ ఫుట్‌బాళ్లు, కళ్లు రెండూ గీతలు. మిగతా మొహానికి చోటే లేదు.

ఈ వాలకంతో వాడు గోడెక్కితే దారినపోయేవాళ్లు నవ్విపోతారని అక్క బెంగ. ఊదకుండా ఉన్న మొహం కావాలంది. పెయింటరు సినిమా బోర్డుల కాలం నాటివాడు. బుగ్గల్లోంచి గాలి తీసెయ్యడం ఎంతసేపక్కా అన్నాడు. మొదటిసారి తీస్తే బ్యాంకు మేనేజరు తేలాడు. రెండోసారి, అప్పుడే పన్ను పీకించుకున్నవాడు. మూడోది చూసి అక్క, వీడు నా తమ్ముడిలా లేడు, నా తమ్ముడికి పిల్లనివ్వనన్న మామలా ఉన్నాడంది. సున్నం కొట్టడం, మళ్లీ గీయడం. ఆదివారం తెర తీస్తారనగా శుక్రవారానికి అందరి మొహాలూ పూర్తయ్యాయి, తమ్ముడి చోటు తెల్లగా ఉండిపోయింది.

పెయింటరు విసుక్కోలేదు. సుద్దముక్క ఆవిడ చేతికిచ్చి, ముక్కు ఎక్కడిదాకా వస్తుందో నువ్వే గీతపెట్టక్కా అన్నాడు. అక్క సుద్ద పట్టుకుని గోడకేసి చాలాసేపు చూసింది. చూసి, పీటమీద కూలబడింది.

"నాకు గుర్తులేదు నాయనా. పదేళ్లయింది వాడి మొహం నాకు రావడం మానేసి. నువ్వు గీస్తే కనబడతాడేమోనని వస్తున్నాను."

పెయింటరు బ్రష్షు కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే బ్యాండు మాస్టారిని వెంటబెట్టుకొచ్చాడు.

మాస్టారు ముప్పై ఏళ్లుగా అక్క ఎదురుపడితే సందు మారే మనిషి. ఊళ్లో అందరి శవాల ముందూ వాయించిన బ్యాండు, తన మనిషిని మాత్రం చప్పుడు లేకుండా పంపింది మరి. తెల్లటి చోటు చూసి ఆయన, అసలు వాడు ఊదకుండా ఉన్నదెప్పుడన్నాడు. సాధన అయిపోయాక కూడా దువ్వెన దొరికితే దువ్వెన, పెన్ను మూత దొరికితే పెన్ను మూత ఊదుతూ కూర్చునేవాడట. అక్కకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాడు ఆవిడ ఖాళీ దారపు రీళ్లు కూడా వదిలేవాడు కాదు. రీలు కళ్లకి కట్టింది, బుగ్గలు కట్టాయి. మిగతాది రాలేదు.

"బుగ్గలతోనే వేసెయ్ నాయనా," అంది.

తర్వాత మాస్టారి వైపు తిరిగింది. బ్యాండులో ఒక పద్ధతుంది. మనిషి రాకపోతే అతని వంతు క్లారినెట్ పూడ్చేస్తుంది, వినేవాళ్లకి లోటు తెలియకుండా. తమ్ముడి తర్వాత మాస్టారు ఇంకో ట్రంపెట్‌వాణ్ణి పెట్టుకోలేదు. ముప్పై ఏళ్లుగా పూడుస్తూనే ఉన్నారు.

"రేపు వచ్చి వాయించండి. వాడి చోటు మాత్రం పూడ్చకండి మాస్టారూ."

మాస్టారు గతుక్కుమన్నాడు. పాటకి చిల్లు పెట్టుకుని నలుగురిలో నిలబడటమూ, పంట్లాం లేకుండా నిలబడటమూ బ్యాండువాడికి ఒకటేనన్నాడు. పంట్లాం నేను కుట్టిస్తానంది అక్క.

ఆదివారం తెర తీశారు. చివరి వరసలో ఆ బుగ్గలు చూసి ఎవరో కిసుక్కుమన్నారు. అక్క తల దించుకోలేదు. బ్యాండు మొదలైంది. తమ్ముడి వంతు వచ్చేసరికి క్లారినెట్ ఆయన అలవాటుకొద్దీ పెదాలకెత్తబోయాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని కిందకి దించి, వదల్లేదు. డ్రమ్ము ఒక్కటే మెల్లగా నడుస్తోంది. జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

అదే గోడమీద మొగుణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒకావిడ అక్క పక్కనే నిలబడి ఉంది. ఆగిపోయిందేమిటని గుసగుసగా అడిగింది.

అక్క గోడమీంచి చూపు తిప్పలేదు.

"ఆగలేదమ్మా. మావాడు ఊదుతున్నాడు. ఇంకొంచెం ఉంది."