కొత్తది బాయిలరా, మనిషా?

నేను ఒక కంపోజింగ్ స్టిక్కును. పేరు విని కర్ర అనుకోకండి. ఉక్కుతో చేసినదాన్ని, ఎడమ అరచేతిలో ఇమిడే చిన్న పళ్లెం లాంటిదాన్ని. కంప్యూటర్లు రాకముందు అచ్చాఫీసుల్లో కంపోజిటర్ నన్ను ఎడంచేత పట్టుకుని, కుడిచేత్తో కేసు అనే గళ్ల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఏరి ఒక్కొక్కటిగా నాలో నిలబెట్టేవాడు. మాట పూర్తయ్యాక ఒక ఖాళీ బిళ్ల, ఆ తరవాత ఇంకో మాట. మాటను మాట పక్కన నిలబెట్టడమే నా బతుకు. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగానే మాట్లాడతాను. పక్కపక్కన చేరిన రెండు మాటలు ఎంత మంచి చేయగలవో, ఎంత ముంచగలవో చూసినదాన్ని నేను.

పుట్టింది మద్రాసులో, పనిముట్లు చేసే ఒక చిన్న కార్ఖానాలో. అక్కడి నుంచి గడ్డిలో చుట్టుకుని రైలెక్కి కాకినాడ వచ్చాను. అనుపమ ప్రెస్ యజమాని సోమయాజులు గారు నన్ను విప్పి, బోర్లా తిప్పి, వేలితో తట్టి చూసి కంపోజిటర్ కాశీ చేతికిచ్చారు. కాశీ చెయ్యి చల్లగా ఉండేది, వేళ్లు మాత్రం వడ్లు ఏరే పిచ్చుకల్లా కేసు మీద తిరిగేవి. తెలుగు శుభలేఖలు, ఇంగ్లీషు రసీదులు, సినిమా కరపత్రాలు అన్నీ నాలోంచే వెళ్లాయి. పేరులో ఒక అక్షరం తప్పుపడితే మనుషులు ప్రెస్సు అదిరేలా పోట్లాడేవారు. అర్థమే తప్పుపడితే మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. పేరు ఎవరిదో వాళ్లకు తెలుస్తుంది, అర్థం ఎవరి సొత్తు?

అలాంటి చోటికి ఎస్తేరు గారు వచ్చారు. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. గొంతుకు ఆపరేషన్ జరిగి, పెద్దగా మాట్లాడే వీలు లేక బడి మానుకున్నారు. సోమయాజులు గారు ప్రూఫులు దిద్దే పనిలో పెట్టుకున్నారు. ఆవిడ మాట గుసగుస కంటే కొంచెం పైన ఉండేది. వినాలంటే ఎదుటివాళ్లు తమ నోరు ఆపుకోవలసి వచ్చేది. అది ఆవిడకు లోటు కాలేదు.

మొదట్లోనే ఒక తమాషా జరిగింది. పాత బల్లలు, కుర్చీలు అమ్మే ఒక కుర్రాడు కార్డులు వేయించుకోవడానికి వచ్చాడు. పేరు కింద ‘ఓల్డ్ ఫర్నిచర్ డీలర్’ అని వేయమన్నాడు. ఎస్తేరు గారు ఆ కాగితం చూసి, పాతది ఫర్నిచరా డీలరా అని అడిగారు. అప్పుడే పెళ్లయిన కుర్రాడు పాపం, ఎర్రబడిపోయాడు. ‘డీలర్ ఇన్ ఓల్డ్ ఫర్నిచర్’ అని మార్చి ఇస్తే సంతోషంగా తీసుకెళ్లాడు. కాశీ ఆ రోజంతా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు. మాటల కూర్పు నవ్విస్తుందని అప్పుడు తెలిసింది. నవ్వించడంతో ఆగదని తెలియడానికి చెరకు గానుగ కాలం రావలసి వచ్చింది.

ఆ ఏడు దగ్గర్లోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో కొత్త బాయిలర్ పెట్టారు. పాతదాని కంటే ఎన్నో రెట్లు ఒత్తిడితో ఆవిరి పుట్టించే యంత్రం. దాన్ని నడిపేవాళ్లు పాటించవలసిన నియమాలను ఇంజనీరు శేషశాయి గారు తానే కూర్చుని ఇంగ్లీషులో రాశారు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆపరేటర్లు కూడా ఉన్నారు మరి. గానుగ ప్రారంభోత్సవానికి పుస్తకాలు అందాలని మా ప్రెస్సుకు పని ఇచ్చారు. కాశీ పేజీలన్నీ కూర్చాడు. ప్రూఫు తీశాక ఎస్తేరు గారు ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు.

‘న్యూ బాయిలర్ ఆపరేటర్స్ షల్ నాట్ ఓపెన్ ద మెయిన్ స్టీమ్ వాల్వ్ అలోన్.’ కొత్త బాయిలర్ ఆపరేటర్లు పెద్ద ఆవిరి వాల్వును ఒంటరిగా తెరవకూడదు.

ఆవిడ ఆ ఒక్క వరుసను పేజీలు బిగించిన ఫారంలోంచి తీయించి మళ్లీ నాలో పెట్టించారు. ప్రూఫు మీద సంతకం చేయనన్నారు. సోమయాజులు గారు కంగారుపడ్డారు. మర్నాడే ప్రారంభోత్సవం, సాయంత్రానికి జీపు వస్తుంది, మెషీను ఖాళీగా నిలబడి ఉంది.

“వాళ్లు రాసింది రాసినట్టు వెయ్యడమేనమ్మా మన పని. బాయిలర్ల గొడవ మనకెందుకు?” అన్నారాయన.

“బాయిలర్ల గురించి నాకేమీ తెలీదండి. కానీ ఈ వాక్యంలో కొత్తది బాయిలరో మనిషో తేలడం లేదు. రాసినాయన్ని అడక్కుండా నేను సంతకం పెట్టను.”

ఆయన కోపంగా బయటికి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి కూర్చున్నారు. మెషీను తిప్పమని మాత్రం కాశీకి చెప్పలేదు. మనిషిలో భయం, మంచితనం కలిసి ఉన్నప్పుడు అలాగే లోపలికీ బయటికీ తిరుగుతాడు.

సాయంత్రం శేషశాయి గారే జీపులో వచ్చారు. పుస్తకాలు తయారు కాలేదని విని మొహం మాడ్చుకున్నారు. కారణం విన్నాక నొచ్చుకున్నారు కూడా. ఆ నియమాల కోసం ఆయన ఎంతో శ్రమపడ్డారు, భాష కూడా బాగానే ఉంది. ఇందులో అనుమానానికి చోటెక్కడుందని అడిగారు. ఎస్తేరు గారు వాదించలేదు. రాసిన మనిషికి తన మనసులోని అర్థమే కనిపిస్తుందనీ, ఇది చదవవలసిన ఆపరేటరు ఎవరైనా ఉంటే పిలవమనీ అడిగారు. జీపులో పేర్రాజు ఉన్నాడు. ఫ్యాక్టరీలో అందరికంటే సీనియర్ ఆపరేటరు, సర్టిఫికెట్ పరీక్ష ఇంగ్లీషులోనే రాసి గెలిచినవాడు. కట్టలు మోయడానికి తోడొచ్చాడు.

పేర్రాజు కళ్లజోడు సవరించుకుని ప్రూఫులో ఆ వాక్యం చదివాడు. కాగితం మర్యాదగా బల్ల మీద పెట్టాడు.

“కొత్తగా చేరినోళ్లు వాల్వు ఒక్కళ్లే తియ్యకూడదంటండి. మంచి మాటేనండి. కుర్రోళ్లు తొందరపడతారు.”

“మరి మీరో?” అన్నారు శేషశాయి గారు.

“నాకెందుకండీ ఇది? సర్వీసంతా నేనొక్కణ్ణే తీస్తన్నాను కదండి.”

శేషశాయి గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ నియమం రాసిందే పేర్రాజు లాంటి వాళ్ల కోసం. పాత బాయిలర్ అలవాటు కొద్దీ కొత్తదాని వాల్వు మీద ఒంటరిగా చెయ్యి వేస్తారన్నదే ఆయన భయం. కొత్తదానికి ఒకరు వాల్వు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే, గొట్టంలో మిగిలిన నీళ్లు పోయాయో లేదో రెండోవారు చూస్తూ ఉండాలి. ఆ సంగతి ఆయన పేర్రాజుకు అక్కడికక్కడే వివరించి చెప్పారు. తరవాత ఎస్తేరు గారి వైపు తిరిగి, ఎలా రాస్తే బాగుంటుందని అడిగారు.

‘న్యూ’, ‘బాయిలర్’ అన్న మాటల మధ్య అడ్డగీత పెడితే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, నూనె చేతులతో పుస్తకం తిప్పేవాడి కంటికి ఆ గీత ఆనదని ఆవిడ అన్నారు. మాటల్నే విడదీసి ‘ఎవ్రీ ఆపరేటర్ ఆఫ్ ద న్యూ బాయిలర్’ అని మొదలుపెట్టమన్నారు. ఎంత అనుభవం ఉన్నా సరే అన్న మాట శేషశాయి గారు తనంతట తాను కలిపారు. కాశీ నాలోని పాత వరుస విప్పి కొత్తది నిలబెట్టాడు. నాకు కాస్త బరువైంది. ఆ బరువు బాగుంది.

మిగతా పేజీలు కూడా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివారు. ఇంకా కొన్ని చోట్ల మాటలు అటూ ఇటూ జరిగాయి. ప్రారంభోత్సవం పుస్తకాలు లేకుండానే జరిగింది. సోమయాజులు గారు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు.

గానుగ జోరుగా సాగుతున్న రోజుల్లో పేర్రాజు మళ్లీ వచ్చాడు. కుడి ముంజేతికి కట్టు, ఎడంచేతిలో చక్కెర పొట్లం. మరమ్మతు కోసం బాయిలర్ ఆపి మళ్లీ రాజేసిన రోజున తోడు ఉండవలసినవాడు ఇంకా రాలేదట. చక్రం మీద చెయ్యి వేశాక ఆ నియమం గుర్తొచ్చిందట. విసుక్కుంటూనే ఆగాడట. తోడు మనిషి వచ్చాక వాల్వు కదిలించేసరికి, పైనెక్కడో నిలిచిపోయిన నీళ్లకు గొట్టం దడదడలాడి అతుకు దగ్గర ఆవిరి చిమ్మింది. పేర్రాజు పడిపోయాడు. రెండోవాడు చక్రం మూసి అతణ్ణి పక్కకు లాగాడు.

“నేనొక్కణ్ణే ఉంటే మూసేవోడు లేడండమ్మా,” అన్నాడు పేర్రాజు.

ఎస్తేరు గారు చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగి, తన కుర్చీ అతనికిచ్చి, మంచినీళ్లు తెచ్చారు. ఆ తరవాత తొందరపెట్టే ఖాతాదారులందరికీ సోమయాజులు గారు ఒకటే మాట చెప్పేవారు, మా ఎస్తేరమ్మ గారు చదవాలండి అని. ఆ మాటలో గర్వం వినిపించేది.

తరవాత ఆఫ్‌సెట్ మెషీన్లు వచ్చాయి. సీసపు అక్షరాలను తూకానికి అమ్మేశారు. నేను ఇప్పుడు జగన్నాథపురంలో ఒక పాత ఇనుప కొట్టులో, సైకిలు గొలుసుల మధ్య పడి ఉన్నాను. వచ్చినవాళ్లు నన్ను ఎత్తి చూసి, ఏమిటో తెలియక మళ్లీ పడేస్తారు. నాకు బెంగ లేదు. నా పని నేను చేశాను, శుభ్రంగా చేశాను.

ప్రెస్సు మూసే ముందు నాలో కూర్చిన చివరి పనుల్లో ఒక శుభలేఖ ఉంది. పేర్రాజు చిన్నకొడుకు పెళ్లి. ‘ఆహ్వానించువారు’ అన్న మాట కింద పెళ్లికొడుకు తండ్రి పేరును కాశీ కూర్చాడు. ప్రూఫును ఎస్తేరు గారు ఎప్పటిలాగే రెండుసార్లు చదివారు. పేర్రాజు అన్న పేరు ముందు ‘కీ.శే.’ అని పెట్టవలసిన అవసరం రాలేదు. ఆవిడ సంతకం చేశారు.