ఏడు నిమిషాలు

డిపోలో ఆవిణ్ణి అందరూ బ్రేకక్క అనేవాళ్లు. ఇరవై ఏళ్లుగా బస్సుల కిందికి దూరి బ్రేకులు చూడటమే ఆమె పని. ఒక్కో బస్సుకి ఇరవై నిమిషాలు పట్టేది. కొత్తగా వచ్చిన మేనేజరు దాన్ని ఏడుకి కుదించాడు. ఆలస్యమైతే అందరి ముందూ కడిగిపారేసేవాడు. అందుకే అతనికి గడియారం అని పేరు పడింది.

ఒకరోజు వరసగా ముప్పై బస్సులు చూసేసరికి ఆమె బుర్ర మొద్దుబారిపోయింది. పక్కన గడియారం అరుస్తూనే ఉన్నాడు. ముప్పై ఒకటో బస్సుకి వంగకుండానే టిక్కు పెట్టేసింది. అది నడిపేది ఆమె సొంత తమ్ముడే. మలుపులో బ్రేకు పడక బస్సు గోడని గుద్దింది. ఎవరూ ఎక్కలేదు గనక సరిపోయింది గానీ, తమ్ముడి కుడికాలు నుజ్జయింది.

"ఈవిడ దొంగ టిక్కులు పెడుతుందని నేను కలగన్నానా?" అని గడియారం చేతులు దులిపేసుకున్నాడు.

తన తప్పుకి ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది. అతన్ని మాత్రం వదలదల్చుకోలేదు.

విచారణకొచ్చిన అధికారిణితో, "నా తప్పు ఒప్పుకుంటున్నానమ్మా. ఏడు నిమిషాలు చాలంటున్నారుగా, రేపొక్కపూట సారునే చూడమనండి," అంది.

"నేనూ మెకానిక్‌గా చేసి పైకొచ్చినవాణ్ణే!" అని గడియారం రోషంగా ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమె చేతిలో వాచీ పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "ఏడైంది సార్! ఇంకా అక్కడే ఉన్నారేంటి సార్?" అతని మాటల్నే అతనికి వడ్డించింది. ఎనిమిదో బస్సుకి అతనికి ఆయాసమొచ్చింది. పదో బస్సుకి నడుం పట్టుకుని లేచాడు. పన్నెండో బస్సు కిందికి టార్చి ఒక్కసారి తిప్పి, టిక్కు కొట్టాడు.

"కిందికి దూరి చూశారా?" అంది అధికారిణి.

"చూశానండీ. భేషుగ్గా ఉంది."

బ్రేకక్క సంచిలోంచి ఓ రబ్బరు గొట్టం తీసి అతని ముందు పడేసింది. "ఆ బస్సు బ్రేకుకి గాలి తీసుకెళ్లే గొట్టమిది సార్. పొద్దున మేడమ్‌గారికి చెప్పే ఊడదీశాను."

గడియారం ఆ గొట్టాన్నీ, తను టిక్కు పెట్టిన కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

అతని ఉద్యోగం పోయింది. ఆమెదీ పోయింది. ఇరవై నిమిషాలు మాత్రం మళ్లీ వచ్చాయి.

ఇంటికెళ్లి అంతా చెబితే తమ్ముడు పైకప్పుకేసి చూస్తూ అడిగాడు. "నా బస్సని తెలిసే టిక్కు పెట్టావా అక్కా?"

"లేదురా. నంబరు కూడా చూడలేదు."

వాడు కాస్త జరిగి మంచం మీద చోటిచ్చాడు.

"ఆ గొట్టం చూశాక వాడి మొహమెలా ఉందో ఇంకోసారి చెప్పు," అన్నాడు.