నా హాజరు, అమరనాథ్ గొంతు

మా బర్రెలకు నా గొంతు బాగా తెలుసు. పొద్దుగూకే వేళ నయాపూల్ కింద మూసీ నీళ్లలో పడుకున్న వాటిని గట్టు మీద నుంచి పేరుపేరునా పిలిస్తే, పూల్ మీద పోయే టాంగావాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేవాళ్లు. అలాంటి నేను 1933లో యూనివర్సిటీలో చేరిన మొదటి రోజు, సార్ "బాలనర్సింహ" అని నా పేరు పిలిస్తే నోరు మెదపలేకపోయాను.

ఉన్నానని పలకాల్సింది రెండే మాటలు. "హాజిర్ జనాబ్." తప్పు భాషది కాదు, మెట్రిక్ దాకా ఉర్దూలోనే చదివినవాణ్ణి. తప్పంతా నా పిరికి గుండెది. గదిలో అరవై షేర్వానీలు, అన్నీ ఇస్త్రీ మడత నలగనివి. నా షేర్వానీని మా అమ్మ పుష్పమ్మ రోజూ సాంబ్రాణి పొగ మీద ఆరేసేది. అయినా అది పేడ వాసన వేస్తోందని, నేను నోరు తెరిస్తే అందరూ నా వైపు తిరిగి ముక్కు మూసుకుంటారని నా భయం. అందుకే ఆఖరి బెంచీలో గోడకు అతుక్కుని కూర్చునేవాణ్ణి.

చరిత్ర చెప్పే యావర్ అలీ సాబ్‌కు చూపు తక్కువ. ముక్కు ఆనేంత దగ్గరగా రిజిస్టరు పెట్టుకుని, తల ఎత్తకుండా పేర్లు చదివేవారు. గొంతు వినబడితే మనిషి ఉన్నట్టు, వినబడకపోతే లేనట్టు. అలా రోజూ అందరికన్నా ముందు వచ్చి కూర్చునే నేను, వరసగా పంతొమ్మిది రోజులు గైర్‌హాజరు అయ్యాను. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. మా బాపు బీరయ్యేమో పాలు పోసే ప్రతి గడప ముందూ "మా పిలగాడు యూనివర్సిటీల చదువుతుండు" అని చెప్పుకుంటున్నాడు.

ఈ సంగతి ముందుగా పసిగట్టింది నా పక్కన కూర్చునే అమరనాథ్. షాలిబండ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, మాటకారి.

"రోజు నా పక్కనే కూసుంటవ్. గైర్‌హాజిర్ ఏంది భాయ్?"

"గొంతు రాదు," అన్నాను బల్ల వైపు చూస్తూ.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గింతేనా? ఫికర్ చెయ్యకు. నీ పేరుకు గూడ నేనే పలుకుత."

మర్నాటి నుంచి తన పేరుకు సన్నగా, నా పేరుకు బొంగురుగా పలకడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు హోటల్లో చాయ్ తాగుతున్న దోస్తుల కోసం దొంగ హాజరు పలికేవాళ్లు. పక్కనే కూర్చుని కూడా పలికించుకున్న ఘనత మాత్రం నాదే. రెండు నెలలు అలా నడిచింది.

"హాజరు మంచిగ పడుతుందా బిడ్డా?" అని బాపు అన్నం దగ్గర అడిగితే, "పడుతుంది బాపు" అనేవాణ్ణి. అబద్ధం కాదు. అయినా కంచంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

చలికాలం వచ్చింది. ఒకరోజు అమరనాథ్‌కు మస్తు జలుబు చేసింది. సన్న గొంతూ బొంగురు గొంతూ రెండూ ఒకటై, ఒకే బెంచీ నుంచి ఒకే మూలుగు రెండుసార్లు వెళ్లింది. యావర్ అలీ సాబ్ ఆ ఏడాదిలో మొదటిసారి తల ఎత్తారు.

"ఎవరది?"

అమరనాథ్ లేచి నిలబడ్డాడు.

"బాలనర్సింహ పేరుకు పలికింది నువ్వే కదూ? అతనెక్కడ? ఏ హోటల్లో ఉన్నాడు?"

అమరనాథ్ గట్టిగా తుమ్మాడు.

"చెప్తావా, నీ పేరు కొట్టేయమని ప్రిన్సిపాల్‌కు రాయనా?"

వాడు వేలు చూపిస్తే చాలు, బయటపడేవాడు. కానీ అరవై తలలు ఒక్కసారి నా వైపు తిరిగితే నేనేమైపోతానో వాడికి తెలుసు. అందుకే కంటి కొసతో కూడా నన్ను చూడలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ పుస్తకాలు సర్దుకుని తలుపు వైపు నడిచాడు.

నా మీద నాకే మండింది. నా కోసం రెండు నెలలు పలికినవాడు పోతుంటే, గోడకు అతుక్కుని కూర్చున్నానే అని రోషం వచ్చింది. ఎప్పుడు లేచానో తెలియదు. నాకున్నవి రెండే గొంతులు. ఒకటి అసలు రానిది, రెండోది బర్రెలను పిలిచేది.

"హాజిర్ జనాబ్!"

పక్క గదిలో పాఠం ఆగిపోయింది. తలలన్నీ తిరిగాయి. ఎవరూ ముక్కు మూసుకోలేదు గానీ ఫక్కున నవ్వారు. ఉర్దూలో మొదలుపెట్టి సగంలో మా ఇంటి తెలుగులోకి జారిపోయాను.

"నేనే బాలనర్సింహను. మొదటి దినం నుంచి ఈడనే ఉన్న జనాబ్. ఒక్క రోజు గూడ నాగా చెయ్యలే. గొంతు రాలే, అంతే. వాని తప్పేం లేదు."

యావర్ అలీ సాబ్ చెయ్యెత్తితే నవ్వులు ఆగాయి. ఆయన వేదిక దిగి, బెంచీలను తడుముకుంటూ ఆఖరి వరస దాకా వచ్చి, నా ముఖాన్ని రిజిస్టరు చూసినంత దగ్గరగా చూశారు.

"లేనివాళ్లకు హాజరు పలికేవాళ్లను ఎందరినో పట్టుకున్నాను," అన్నారు ఉర్దూలో. "ఉన్నవాడికి పలికినవాణ్ణి ఇవాళే చూశాను." తర్వాత తలుపు వైపు తిరిగి, "అమరనాథ్, లోపలికి రా. ముక్కు తుడుచుకో," అన్నారు.

పాత పేజీలు వెనక్కి తిప్పి, నా పంతొమ్మిది రోజులనూ ఆయనే ఒక్కొక్కటిగా దిద్దారు. ఆ పూట నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

మర్నాడు మళ్లీ హాజరు మొదలైంది. ధైర్యమంతా నిన్ననే అయిపోయినట్టుంది, నా పేరు రాగానే గొంతు మళ్లీ పట్టేసింది. అమరనాథ్ చేత్తో తన నోరు తానే గట్టిగా మూసుకున్నాడు. యావర్ అలీ సాబ్ తర్వాతి పేరుకు పోలేదు. రిజిస్టరు మీద వంగి, కలం నా పేరు దగ్గరే ఆపి, ఏమీ తొందర లేనట్టు కూర్చున్నారు.

"హాజిర్ జనాబ్," అన్నాను. చిన్న గొంతు. అది నాకు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆయన తల ఎత్తకుండా గుర్తు పెట్టి, తర్వాతి పేరు పిలిచారు.