ఒక గోనెసంచి చప్పట్లు

చోడవరం జయంతి హాల్లో ఆట వదిలేశాక అచ్చియ్యమ్మ ముందు ఫ్యాన్లు కట్టేస్తుంది. ఆ తర్వాతే చీపురు పడుతుంది. ఫ్యాన్లు తిరుగుతుండగా ఊడిస్తే చప్పట్లు ఎగిరిపోయి మళ్లీ కుర్చీల కిందకి దూరతాయి. చింతాకుల్లా తేలిక అవి. వేరుశనగ తొక్కలు, పాప్‌కార్న్, చింపిన టికెట్లు, చప్పట్లు, అన్నిటినీ కలిపి తెర దగ్గర నుంచి గుమ్మం దాకా ఊడ్చుకుంటూ వస్తుంది. ముందు వరసల వాళ్ల చప్పట్లు దళసరిగా, చేతికి వెచ్చగా తగులుతాయి. బాల్కనీ వాళ్లవి పల్చన. సగం కొట్టి, పక్కవాళ్లు కొట్టడం లేదని ఆపేసినవే అందులో ఎక్కువ.

ఆటకీ ఆటకీ మధ్య వాటిని ఊడ్చి తీరాలి. ఏ డైలాగుకి పుట్టిన చప్పట్లు ఆ డైలాగు మళ్లీ వినపడగానే వాటంతట అవే పేలతాయి. కొత్తగా వచ్చిన జనం చేతులు ఎత్తేలోపే హాలు మోగిపోతుంది. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కున్న వాళ్లకి అది నచ్చదు. అందుకే హాలు ఓనరు ఉమామహేష్ ప్రతి ఆటకీ ముందు గుమ్మంలోంచి తల పెట్టి, "చప్పట్లు ఊడ్చేసేవా అచ్చియ్యమ్మా?" అని అడుగుతాడు. ఊడ్చినవాటిని ఆమె హాలు వెనక పారే గెడ్డలో పారబోస్తుంది. గెడ్డ వాటిని ఎటు తీసుకుపోతుందో ఎవరూ పట్టించుకోలేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆ సినిమా వచ్చింది. బొంబాయి మురికివాడలో తండ్రి లేని పిల్ల. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి భోజనం క్యారేజీలు అందిస్తుంటుంది. చివరికి అదే డొక్కు సైకిల్ మీద పెద్దింటి పిల్లలందరినీ దాటుకుని రేసు గెలుస్తుంది. మధ్యలో ఒక పెద్దమనిషి వాళ్ల వాడలోకి వచ్చి ముక్కు మూసుకుంటాడు. ఆ పిల్ల అతని ముందు నిలబడి, "ఇది మురికివాడ కాదు, ఇది మా ఊరు!" అంటుంది. ఆ మాటకి హాలు పైకప్పు లేచిపోయేది. అచ్చియ్యమ్మ తన సర్వీసులో అన్ని చప్పట్లు ఊడ్చి ఎరగదు.

ఊరు ఊరంతా ఆ సినిమాకి కరిగిపోయింది. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన గౌరీశంకర్ మాస్టారు మనవల్ని ఒక విడత, కోడళ్లని ఒక విడత తీసుకొచ్చాడు, ఎవరూ దొరక్కపోతే ఒక్కడే ఇంకో విడత వచ్చి చూశాడు. "పేదవాడి గుండెలో ఎంత బలం ఉందో చూశారా!" అని బయట టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేవాడు. మాడుగుల నుంచి వచ్చిన ఆడవాళ్లు హల్వా పొట్లం చేతులు మార్చుకుంటూ, నమలడం ఆపకుండానే ఏడ్చారు. ఒక డాక్టరుగారి భార్య కళ్లు ఒత్తుకుంటూ బాల్కనీ మెట్లు దిగి, కింద చీపురుతో నిలబడ్డ అచ్చియ్యమ్మని చూసి కుచ్చిళ్లు పక్కకి లాక్కుంది. అచ్చియ్యమ్మ దాన్ని మనసులో పెట్టుకోలేదు. మెట్లు ఇరుకు కదా అనుకుంది.

ఆమె ఉండేది హాలు వెనక గోడకీ గెడ్డకీ మధ్య సందులో. రేకులో, తాటాకులో, ఏది దొరికితే అది కప్పుకున్న ఇళ్ల వరస అది. సినిమా చూసి ఇంతమంది ఏడుస్తుంటే ఆమెకి లోపల గర్వంగా ఉండేది. ఏదో తన సొంతవాళ్లకి మర్యాద జరుగుతున్నట్టు ఉండేది. కూతురు గౌతమి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల గుమ్మం పక్కన నిలబడి ఒక్క ఆట చూసి, చెయ్యి కదపకుండా ఇంటికి వచ్చేసింది.

"సూసేవేటే? డాక్టరమ్మ కూడా ఏడ్చేసింది మనకోసం," అంది అచ్చియ్యమ్మ.

"మనకోసం కాదమ్మా. ఆ హీరోయిన్ కోసం."

"ఆ గుంటదీ మన్లాంటి ఇల్లే కదే."

"మన్లాంటి ఇల్లేటి? అంతసేపట్లో ఆళ్లింట్లోకి ఒక్క వానైనా కురిసిందా? గోడలకి ఎన్ని రంగులేసేరో సూడలేదా నువ్వు?"

అచ్చియ్యమ్మకి కోపం వచ్చింది. చదువుకున్న పిల్లకి ఏదీ ఒక పట్టాన నచ్చదని విసుక్కుని కుండ కింద మంట ఎగదోసింది.

సినిమాకి జనం పెరిగారు. రావికమతం నుంచీ దేవరాపల్లి నుంచీ ఆటోల్లో వచ్చేవాళ్లు సరే, ఇప్పుడు కార్లు కూడా వచ్చేవి. కార్లు రోడ్డు మీదే ఆపడంతో బస్సులు కదిలేవి కావు. హారన్లకి హాల్లో డైలాగులు వినపడేవి కావు. ఉమామహేష్ ఒక సాయంత్రం హాలు చుట్టూ నడిచి, సందు మొదట్లో ఆగి, గోడ నుంచి గెడ్డ దాకా కళ్లతో కొలుచుకున్నాడు. మర్నాటికల్లా సంగతి సందంతా తెలిసిపోయింది. సందు తీసేసి కార్ల పార్కింగ్ చేస్తారట. సందువాళ్లకి ఊరికి దూరంగా కొండకింద జాగా ఇప్పిస్తారట. అక్కడ కుళాయి లేదు, దీపం లేదు, ఆటో ఎక్కాలంటే చాలా దూరం నడవాలి.

అలాంటివన్నీ తేల్చేది ఊరి బాగు కమిటీ. గౌరీశంకర్ మాస్టారు దానికి అధ్యక్షుడు. ఆ కమిటీలో చేతులెత్తించడం, పేరుపేరునా అడగడం లాంటి తతంగం ఏదీ లేదు. చప్పట్లు మోగితే తీర్మానం అయినట్టు, మోగకపోతే పోయినట్టు. అయిందంటే వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చేస్తుంది. ఈసారి మీటింగ్ ఆదివారం పొద్దున్న జయంతి హాల్లోనే పెట్టారు. హాలు ఉమామహేష్ ఊరికే ఇచ్చాడు.

శనివారం సాయంత్రం అచ్చియ్యమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపు నువ్వు లేచి మన సంగతి రెండు ముక్కలు సెప్పు. ఆకర్న ఆ సినిమా గుంట అన్న మాట అనియ్. సాలు. రాత్రాట సప్పట్లు నాను పొద్దున్నే ఊడ్సి గోనెసంచిలో ఎత్తి ఎనక గోడ కాడ ఎడతాను. నువ్వా మాట అనగానే అన్నీ ఒక్కసారే పేల్తాయి. మోగిందంటే మన మాటే నెగ్గినట్టు."

"అది నా మాట కాదమ్మా. ఎవరో రాసిచ్చేరు, ఎవర్తో సెప్పింది."

"ఎవులి మాటైతే ఏటే? నీ మాటకి కొడతారేటి ఆళ్లు సప్పట్లు?"

కన్నతల్లి అనాల్సిన మాట కాదు. కానీ అది నిజమని ఇద్దరికీ తెలుసు. గౌతమి గెడ్డ వైపు చూస్తూ, "సరే, అంటాను," అంది.

ఆదివారం పొద్దున్న హాలు నిండింది. సినిమాకి వచ్చినవాళ్లే చాలామంది మీటింగ్‌కీ వచ్చారు. ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు బాల్కనీ వాళ్లు బాల్కనీలో, కింద వాళ్లు కింద కూర్చున్నారు. సందువాళ్లు చివర గోడవార నిలబడ్డారు. అచ్చియ్యమ్మ ఒక చేత్తో చీపురు, రెండో చేత్తో మూతి బిగించిన గోనెసంచి పట్టుకుంది. చూసినవాళ్లు చెత్త అనుకున్నారు.

గౌరీశంకర్ మాస్టారు తెర ముందు నిలబడి సినిమా గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగి కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత ఉమామహేష్ లేచాడు. గౌతమి పేరు అతని తర్వాత.

"నాకు ఎవరి మీదా కోపం లేదు," అన్నాడతను. "సందులో ఉన్నవాళ్లు మా మనుషులే. అచ్చియ్యమ్మ మా ఇంట్లో మనిషి లాంటిది. కానీ బయటూరి నుంచి వచ్చినవాళ్లు మన చోడవరాన్ని చూసి ముక్కు మూసుకుంటే మీకు బాధగా ఉండదా? మన పిక్చర్లో ఆ అమ్మాయి ఏమంది? ఇది మురికివాడ కాదు, ఇది మా ఊరు! నేనూ అదే అంటున్నాను."

అచ్చియ్యమ్మ చేతిలో సంచి ఒక్కసారి ఉబ్బింది. ఆమె రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని మూతి మీద రెండు చేతులూ అదిమింది. ఆగలేదు. రాత్రి ఆటలో ఊరంతా మురికివాడ పిల్ల కోసం కొట్టిన చప్పట్లు, దళసరివీ పల్చనివీ, గోనె పోగులు తెంపుకుని పేలాయి. హాలు పైకప్పు దాకా మోగింది. కూర్చున్నవాళ్లు ముందు ఉలిక్కిపడ్డారు. తర్వాత, అందరూ కొడుతున్నట్టుంది, మనమే వెనకపడ్డామేమో అని వాళ్లూ చప్పట్లు కొట్టారు. అంత మోతలో చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఉమామహేష్ కూడా ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తేరుకుని అందరికీ దండం పెట్టాడు.

"ఇంత ఏకగ్రీవం ఎన్నడూ చూడలేదు," అన్నాడు మాస్టారు తడి కళ్లతో.

సంచి చేతిలో వేలాడిపోయింది. అందులో బూడిదంత పొడి తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు గౌతమి లేచింది. "మాస్టారూ, నా పేరు కూడా ఇచ్చేను."

"తీర్మానం అయిపోయిందమ్మా. సరే, వచ్చావు కాబట్టి రెండు ముక్కలు చెప్పు."

గౌతమి తల్లి వైపు చూడలేదు. "వానొస్తే మేం మంచాలు ఇటికల మీదకి ఎత్తుకుంటాం. గెడ్డ పొంగితే రాత్రంతా కూసుంటాం. ఆ సందు బాగుంటాదని నేను అనట్లేదు. కానీ అక్కడి నుంచి నడిసొచ్చి మా అమ్మ మీరు కూసున్న కుర్చీలు తుడుస్తాది. అక్కడి నుంచే నడిచి నేను కాలేజీకెల్తాను. కొండకింద నుంచి నడవలేం మాస్టారూ. అంతే."

సినిమా మాట ఆ పిల్ల అనలేదు. ఆ రెండు ముక్కలూ తన సొంతవి.

హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో ఫోను చూసుకున్నారు. డాక్టరుగారి భార్య బాల్కనీలో బ్యాగు జిప్పు లాగుతూ కూర్చుంది. గౌతమి నిలబడే ఉంది. ఆ నిశ్శబ్దంలో కూతురి మెడ అంత సన్నగా ఉంటుందని అచ్చియ్యమ్మ మొదటిసారి చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, తనకీ రెండు చేతులున్నాయని.

ఇన్నేళ్లలో ఆ హాల్లో ఆమె ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. కొడితే ఊడ్చుకోవాల్సింది తనే కదా. ఇప్పుడు చీపురూ సంచీ కింద పడేసి కొట్టింది. కాయలు కాసిన చేతులు, టపటపమని మొద్దు చప్పుడు. పక్కనున్న సందువాళ్లు కూడా అందుకున్నారు కానీ అప్పటికే కింద జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఇంక చాలు అచ్చియ్యమ్మా, అయిపోయింది," అన్నాడు మాస్టారు, మెత్తగానే.

జనం వెళ్లాక ఉమామహేష్ గుమ్మంలోంచి తల పెట్టి, మ్యాట్నీకి టైమైందన్నాడు. అచ్చియ్యమ్మ ఫ్యాన్లు కట్టేసి ఊడ్చింది. నేలంతా పొడి, దాని మీద ఉమామహేష్ మాటకి జనం కొట్టిన పల్చని చప్పట్లు. చివర గోడవార మాత్రం గుప్పెడు చప్పట్లు విడిగా ఉన్నాయి, తనవీ సందువాళ్లవీ. ఏ మాటకి పుట్టాయో ఆ మాట వినపడితేగానీ అవి పేలవు. ఆ మాట ఆ హాల్లో ఇంకెవరూ అనరు. మిగతావాటితో పాటు వాటిని ఆమె గెడ్డలో పారబోయలేకపోయింది.

సందు పోయింది. గెడ్డ మీద పలకలు పరిచి సిమెంటు పోశారు. సినిమా ఇంకా నడుస్తూనే ఉంది. కార్లు లోపల వరసగా ఆగుతున్నాయి. కొండకింద నుంచి ఆటో దాకా నడిచి నడిచి అచ్చియ్యమ్మ మోకాళ్లు పోయాయి. ఇప్పుడు ఆమె బదులు హాలు ఊడ్చేది గౌతమి. కాలేజీ ఆ నెలలోనే ఆగిపోయింది.

ఆ గుప్పెడు చప్పట్లూ కొండకింద రేకుల ఇంట్లో పౌడరు డబ్బాలో ఉన్నాయి. అప్పుడప్పుడూ అచ్చియ్యమ్మ డబ్బా మూత తీసి పట్టుకుని, "ఆయాళ సెప్పింది ఒక్కపాలి మళ్లీ సెప్పవే," అని బతిమాలుతుంది.

"ఎందుకమ్మా? ఇక్కడ ఇనేది మనిద్దరమే కదా," అంటుంది గౌతమి, మ్యాట్నీకి ఆలస్యమైపోతోందని చెప్పులేసుకుంటూ.