మూడో ట్యాంకు పేల్ ఏల్

శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి పక్కన చక్రపాణి పెట్టిన హోటల్లో బీరు తయారుచేసేది నయన. తుర్కపల్లిలో ఒక ల్యాబులో, పిండినీ బీరునూ పులియబెట్టే ఈస్టు మీద పనిచేస్తున్న రోజుల్లోనే ఆమెకు ఈ పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం మానేసి, బెంగళూరు వెళ్లి పని నేర్చుకుని వచ్చింది. తాతల నాటి పొలాల్లో సగం ప్లాట్లు చేసి అమ్మేసిన చక్రపాణి, మిగిలిన చోట ఈ హోటలు కట్టి ఆమెను పిలిచాడు. జనానికి గోధుమ బీరు చాలని అతని అభిప్రాయం. నయనే పట్టుబట్టి పేల్ ఏల్ తయారుచేసింది. తేనె రంగులో, కాస్త చేదుగా, హాప్స్ పువ్వుల వాసనతో ఉండే బీరు అది. శనివారం సాయంత్రం దాన్ని మొదటిసారి అతిథులకు పోయాలని చక్రపాణి మండలంలో తెలిసినవాళ్లందరినీ పిలిచాడు.

బుధవారం రుచి చూడటానికి ఇద్దరూ మూడో ట్యాంకు దగ్గర నిలబడ్డారు. ట్యాంకులు కడిగే బాలరాజు గ్లాసులు నింపి ఇచ్చి, తనూ ఒకటి తీసుకున్నాడు. నయన గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది. రంగు తేటగా ఉంది. నురుగు కరగకుండా నిలిచింది. ముక్కు దగ్గర పెట్టుకోగానే మాత్రం కడుపులో తిప్పింది. ముక్కిపోయిన నెయ్యి వాసన.

చక్రపాణి అప్పటికే సగం తాగేసి మస్తుందన్నాడు. మామిడిపండు వాసన వస్తోందన్నాడు. బాలరాజుకు నారింజ తొక్క వాసన తగిలింది. నయన నాలుక తడి చేసుకుని, తూములో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, బీరు పాడైందని చెప్పింది. చక్రపాణి మొహం మాడిపోయింది.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. నయనకు మూడో నెల. భర్త శ్రవణ్‌కూ డాక్టరుకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు రెండుసార్లు సంతోషంగా అందరికీ చెప్పుకుంది. రెండుసార్లూ నిలవలేదు. రెండోసారైతే, అన్నం ఉడికే వాసనకే వాంతి చేసుకుంటున్న మనిషికి ఒకరోజు పొద్దున ఆ వాసన కమ్మగా తోచింది. పోనీలే, కష్టం తీరింది అనుకుంది. ఆ వారమే స్కానింగులో బిడ్డ గుండె ఆగిపోయిందని తేలింది.

ఇప్పుడు తన ముక్కును నమ్మాలో లేదో ఆమెకు తెలియలేదు. ఈస్టు తన పని పూర్తి చేయకపోతే బీరులో నెయ్యి వాసన మిగులుతుంది. వేడి చేస్తే అది ఎవరికైనా తెలిసేంత ఘాటుగా బయటపడుతుంది. రెండు గ్లాసులకు మూతలు పెట్టి, ఒకదాన్ని వేడినీళ్లలో ఉంచి, చల్లార్చి, రెండూ వాళ్లకిచ్చింది. వాళ్లిద్దరికీ తేడా ఏమీ తెలియలేదు. నయనకు రెండూ ఒకేలా కంపు కొట్టాయి. పక్కనున్న మంచినీళ్ల గ్లాసు ఎత్తి చూసింది. అదీ అంతే.

అంటే చెడింది బీరు కాదు. ఆమెకు ఏడుపొచ్చేంత ఊరట కలిగింది. ఆ కంపు ఉన్నంతకాలం లోపల బిడ్డ ఉన్నట్టే. కానీ ఆ మాట పైకి చెప్పలేక, శనివారం పొద్దున ఇంకోసారి చూద్దామంది. అప్పుడు కూడా కుదరకపోతే ఇక గోధుమ బీరే అని చక్రపాణి ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున నయన ఒక్కతే వచ్చి కుళాయి తిప్పింది. గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే నారింజ తొక్క వాసన వచ్చింది. దాని వెనక పండిన మామిడి, అడుగున అప్పుడే కాల్చిన రొట్టె. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేసింది. తాను అనుకున్నది అనుకున్నట్టే వచ్చింది. ఒక్క క్షణం పొంగిపోయింది. మరుక్షణం, అప్పుడు కమ్మగా తోచిన అన్నం వాసన గుర్తొచ్చింది.

వంటింట్లోకి పరుగెత్తి ఉడుకుతున్న అన్నం మీదకు వంగింది. ఉల్లిగడ్డలు వేగుతున్న మూకుడు మీదకు వంగింది. దేనికీ కడుపులో తిప్పలేదు. కడుపులో ఏదైనా కదలాలని, ఒక్క వాంతి రావాలని వేడుకుంటూ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. వంటవాళ్లు చూస్తుండగానే శ్రవణ్‌కు ఫోన్ చేసింది.

"గట్లేం గాదు. నువ్వైతే ముందు ఆటో ఎక్కు. మేడ్చల్ల దవాఖాన కాడ నేనుంట," అన్నాడు శ్రవణ్.

దవాఖానలో స్కానింగుకు వరస ఉంది. కుర్చీలో కూర్చుని నయన తన మణికట్టు వాసన చూసుకుంది, చున్నీ వాసన చూసుకుంది. అంతలో చక్రపాణి ఫోన్ చేశాడు.

"ఏడికి పోయినవ్ నయనా? ఇక్కడ సామాన్లు దిగుతున్నయ్. ట్యాంకు తెరవాల్నా వద్దా, ఒక్క మాట చెప్పు."

పాడైందని చెబితే చాలు, నయనకు తన ముక్కు ఇంకా చెడే ఉన్నట్టు, బిడ్డ ఇంకా ఉన్నట్టు అనిపించింది. అది పిచ్చి ఆలోచనని తెలుసు. అయినా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన కూర్చున్న శ్రవణ్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"మంచిగుంది అన్నా," అంది.

"బుధవారం పాడైందంటివి గదా?"

"ఇయ్యాల మళ్ల జూసిన. ముందు నారింజ వాసన వస్తది, ఎన్కకెల్లి మామిడి. చేదు జర్రంత సేపుండి పోతది. ఏం తప్పు లేదు, తెరువుండ్రి."

చివరి మాట అంటూనే ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నావని అతనడిగితే ఇక దాచలేకపోయింది. కడుపుతో ఉన్నానని, దవాఖానలో ఉన్నానని, ఏమయిందో తెలియదని చెప్పింది. చక్రపాణి హోటలు సంగతి మరిచిపొమ్మని, బండి పంపిస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

స్కానింగు గదిలోకి శ్రవణ్‌ను రానివ్వలేదు. నయన కళ్లు మూసుకుని పడుకుంది. పొట్ట మీద చల్లటి జెల్ రాసి, డాక్టరు ఏమీ మాట్లాడకుండా పరికరాన్ని అటూ ఇటూ జరుపుతూనే ఉంది. ఆ మౌనం నయనకు తెలిసిన మౌనమే. రెండు పిడికిళ్లతో దుప్పటి పట్టుకుంది.

"చూడమ్మా," అంది డాక్టరు, తెరను ఆమె వైపు తిప్పుతూ.

బూడిదరంగు చీకట్లో చిన్న చుక్క ఆగకుండా కొట్టుకుంటోంది. మూడో నెల నిండేసరికి చాలామందికి వాంతులు, వాసనల బాధ తగ్గిపోతాయని, అవి రేపు మళ్లీ మొదలవ్వొచ్చని, వాటిని బట్టి ఏదీ అనుకోవద్దని డాక్టరు చెప్పింది. ఇంకా జాగ్రత్తగానే ఉండాలని, రెండు వారాల్లో మళ్లీ చూద్దామని అంది.

నయన వింటున్నట్టు తల ఊపింది గానీ చూపు తెర మీదే ఉంది. డాక్టరు పరికరం తీసేయబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్కసారి చూపియ్యరా మేడం?"

బయట వరస ఇంకా ఉంది. డాక్టరు తలుపు వైపు ఒకసారి చూసి, పరికరాన్ని మళ్లీ పొట్ట మీద ఆనించింది.